కరెంటు పోతే నవ్వే మనిషి

కరెంటు పోతే లోకమంతా కరెంటాఫీసును తిడుతుంది. వీరాస్వామి గారు మాత్రం దణ్ణం పెడతారు. కాకినాడ హార్బర్ వెనకాల సందులో ఫ్యాన్లన్నీ ఆగిపోయి, జనం విసనకర్రలు వెతుక్కుంటూ ఉసూరుమని వాకిళ్ళలోకి వచ్చే వేళ, ఒకే ఒక్క మనిషి లుంగీ ఎగగట్టి, పెళ్ళికి తరలిపోతున్నంత సంబరంగా మేడమెట్లు ఎక్కుతూ కనబడితే, అది ఆయనే. కంచంలో అన్నం వదిలేసి పరిగెత్తిన రోజులున్నాయి. సగం గీసిన గడ్డంతో పరిగెత్తిన రోజూ ఉంది. ఆ రోజు కరెంటు సాయంత్రం దాకా రాలేదు. గడ్డమూ సాయంత్రం దాకా సగంలోనే ఉండిపోయింది.

ఎదురింటి సంపూర్ణమ్మకి ఆ సందులో తెలియని సంగతంటూ ఉండకూడదు. ఉంటే అన్నం సయించదు. ఎవరింటికి ఏ చుట్టం దిగాడో, సంచిలో ఏం తెచ్చాడో ఆటో ఆగకముందే చెప్పెయ్యగలదు. అలాంటిది ఈయన మేడమీద చెవులకి హెడ్‌ఫోన్లు తగిలించుకుని, కళ్ళు మూసుకుని ఏం వింటున్నారో తెలియకపోవడం ఆవిడకి చిన్నతనంగా ఉండేది. ఒకనాడు గిన్నెడు పులిహోర పట్టుకుని తనూ మేడెక్కేసింది.

"ఏంటండీ అన్నయ్యగారూ ఈ పెట్టె?"

"రేడియో అమ్మా. లాంగ్ వేవ్."

"పాటలొస్తాయాండీ?"

"రావు."

"పోనీ వార్తలు?"

"అవీ రావు."

"మరేం వస్తాయండీ?"

"టూ... టిట్ టిట్... అని వస్తుందమ్మా. చాలా దూరం నుంచి."

సంపూర్ణమ్మ పులిహోర గిన్నె కిందపెట్టింది. ఇంత చేసి మేడెక్కితే టిట్ టిట్టా!

ఎరువుల ఫ్యాక్టరీ క్యాంటీన్‌లో స్టోరు చూసి రిటైరైన మనిషి ఆయన. పాత ఓడల సామాను అమ్మేచోట ఆ రేడియో దొరికింది. ఇంటికి తెచ్చుకుని, తన మేడమీంచి పక్కింటి ఎజ్రా గారి మేడ మీదుగా సందు చివరి కొబ్బరిచెట్టు దాకా పెద్ద తీగ లాగారు. సందులో ఆడవాళ్ళు ఆ తీగ బట్టలారేసుకోవడానికే వేశారనుకున్నారు. "మీ దుప్పటి తీస్తే గానీ అవతలి ఒడ్డు వినపడదమ్మా" అని ఆయన బతిమాలుతుంటే ఎవరికీ అర్థమయ్యేది కాదు.

ఆరోజు పులిహోర తింటూ ఆయనే చెప్పారు. ఓడలకీ విమానాలకీ దారి తెలియడానికి తీరాల్లోనూ దీవుల్లోనూ బీకన్లని ఉంటాయి. ఒక్కోదానికి రెండు మూడు అక్షరాల పేరు. ఆ పేరునే రేయింబవళ్ళు కూస్తూ ఉంటాయి.

"ఎంతసేపూ తన పేరేనా? ఇంకో ముక్క చెప్పదా?"

"ఇంకేం చెప్పాలమ్మా? ఇక్కడున్నాను అంటోంది. అది చాలదా?"

చాలదని సంపూర్ణమ్మ అభిప్రాయం. తనైతే ఇక్కడున్నానని చెప్పి, ఇంట్లో ఎవరెవరున్నారో, ఏం కూర వండారో కూడా చెప్పేది.

ఈ కూతలు వినాలంటే చుట్టూ కరెంటు సామాను ఉండకూడదట. ఎల్‌ఈడీ బల్బు, ఫోన్ చార్జరు, మిక్సీ, టీవీ అన్నీ ఆ రేడియోలో బొయ్యిమంటాయట. అందుకే కరెంటు పోతే ఆయనకి పండగ. ఉన్నప్పుడు మాత్రం ఇంటింటికీ వచ్చి రోగం చెప్పేవారు. "మీ వంటింట్లో బల్బు ఏడుస్తోందమ్మా, మార్చండి." "ఎజ్రా గారూ, మీ చార్జరు గురక పెడుతోందండీ." ఎజ్రా గారు చర్చి పెద్ద, నెమ్మదస్తుడు. "నేను పెట్టే గురక కంటేనా అండీ?" అనేవారు.

ఎన్నో ఊళ్ళ కూతలు పట్టారు గానీ సముద్రానికి అవతల ఒక చిన్న దీవి బీకన్ మాత్రం ఆయనకి చిక్కలేదు. ఏళ్ళ తరబడి దానికోసమే మేడెక్కేవారు. చిక్కకపోవడానికి కారణం ఆయన ఇంటి వెనకే ఉంది. అచ్చాయమ్మ గారి పెట్టె.

అచ్చాయమ్మ హార్బర్‌లో చేపలు పాడుకుని అమ్మిన మనిషి. వేలంపాటలో ఆమె గొంతెత్తితే పడవలమీద కాకులు లేచేవి. ఇప్పుడు ఊపిరితిత్తులు పాడై, ముక్కుకి గొట్టం పెట్టుకుని ఆక్సిజన్ మిషన్ పక్కనే కూర్చుంటుంది. కరెంటు పోయినా మిషన్ ఆగకూడదని, పోలవరంలో పనిచేసే కొడుకు యుగంధర్ ఇన్వర్టర్ కొనిచ్చాడు. సందంతా నోరు మూసుకున్న ఆ కాస్త సేపూ ఆ ఒక్క పెట్టె ఈయన రేడియోలో గుయ్యిమని అరిచేది.

మేడ దిగి రాగానే సందులో జనం కాచుకుని ఉండేవారు. "ఏ దేశం తగిలిందండీ ఇవాళ?"

"ఏం దేశమండీ నా మొహం! ఆ అచ్చాయమ్మ గారి పెట్టె గోల! చెవులు తూట్లు పడిపోయాయి."

అందరూ నవ్వేవారు. ప్రతిసారీ అదే ప్రశ్న, అదే జవాబు, అదే నవ్వు. అంత తిట్టిన మనిషి అంత కులాసాగా వెళ్ళి ఆగిన భోజనం మళ్ళీ మొదలుపెట్టడం సంపూర్ణమ్మ చూసేది. ఆవలింత కూడా వదలకుండా ఆరా తీసే మనిషి, ఎందుచేతో దాన్ని మాత్రం వదిలేసింది.

మాట అచ్చాయమ్మ చెవిన పడనే పడింది. "నా ఊపిరి ఆయనకి అడ్డమైపోయింది వదినా" అని సంపూర్ణమ్మ దగ్గర బాధపడేది. "పాపం, అప్పుడప్పుడూ వచ్చి బ్యాటరీలో నీళ్ళు పోసి, వైర్లు బిగించి పోతారు. గోల తగ్గుతుందంట."

"తగ్గిందా మరి?"

"ఏం తగ్గుద్ది! మళ్ళీ వస్తారుగా తిట్టుకుంటా."

మొన్న వేసవిలో కబురొచ్చింది. ఆ దీవి బీకన్‌ని నెలాఖరుకి ఆపేస్తున్నారట. ఇప్పుడు అన్నీ పైన ఉపగ్రహాలే చూసుకుంటున్నాయట. ఆ మాట చెబుతున్నప్పుడు వీరాస్వామి గారు నవ్వబోయి ఊరుకున్నారు. "వినకుండానే పోతుందమ్మా" అన్నారంతే. ఆ పూట కరెంటు పోయినా గడ్డం పూర్తిగా గీసుకున్నాకే మేడెక్కారు. అది చూసి సంపూర్ణమ్మ గుండె గుభేలుమంది.

మర్నాడే సందంతా తిరిగి ఒప్పించింది. సాయంత్రం పొద్దువాలే వేళ దూరపు కూత బాగా వస్తుందని ఆయనే ఎప్పుడో అన్నారు. ఆ వేళకి అందరూ మెయిన్ ఆపెయ్యాలి, ఇన్వర్టర్లు కూడా. ఆయన ఇంటి ఫ్యూజు కూడా మెల్లగా తీసెయ్యాలి. ఆయనకి చెప్పకూడదు, మామూలుగా కరెంటు పోయిందనే అనుకోవాలి. అచ్చాయమ్మ కోసం ఎజ్రా గారు చర్చివాళ్ళ దగ్గర నుంచి ఆక్సిజన్ సిలిండర్ తెచ్చారు. నర్సుగా పనిచేసే అచ్చాయమ్మ కోడలు వినీల దాన్ని తగిలించి పక్కనే కూర్చుంది.

"ఇన్నాళ్ళకి ఆయన రుణం తీర్చుకుంటున్నాను వదినా" అని అచ్చాయమ్మ మురిసిపోయింది. "ఆపెయ్ వినీలా ఆ పాడు పెట్టె!"

సందు సద్దుమణిగింది. వీరాస్వామి గారు మెట్లెక్కిన చప్పుడు వినబడింది. సంపూర్ణమ్మ అచ్చాయమ్మ ఇంట్లో కిటికీ దగ్గర ఊపిరి బిగబట్టి నిలబడింది. దీవి ఇప్పుడు కూస్తూ ఉంటుంది. ఆయన వింటూ ఉంటారు.

అంతలో మెట్లమీద దబదబా చప్పుడు.

వీరాస్వామి గారు చెప్పుల్లేకుండా, మెడలో హెడ్‌ఫోన్లు వేలాడుతుండగా, చేతిలో స్క్రూడ్రైవరుతో తలుపు తోసుకుని లోపలికి వచ్చిపడ్డారు. "వినీలా! పెట్టె ఆగిపోయిందమ్మా! అచ్చాయమ్మ గారికి ఎలా ఉంది?"

లోపల అచ్చాయమ్మ గొట్టం పెట్టుకుని నిండుగా నవ్వుతోంది. ఆయన సిలిండర్ చూశారు, వినీలని చూశారు, సంపూర్ణమ్మని చూశారు. గుమ్మంలోనే చతికిలబడ్డారు.

"మీకోసమే ఆపామండీ" అంది అచ్చాయమ్మ. "రోజూ తిడతారుగా."

"తిడితే మాత్రం ఆపేస్తారాండీ?" అన్నారాయన. "కరెంటు పోగానే ముందు మీ పెట్టె అందుకుందా లేదా అనే గదా నేను వినేది! అది మోగితే, ఆ తర్వాత నా దీవి సంగతి. మోగకపోతే... ఇవాళ మోగలేదండీ!"

ముందుగా తేరుకున్నది సంపూర్ణమ్మే. "అయ్యో, వెళ్ళండి అన్నయ్యగారూ! ఇంకా టైముంది, పరిగెత్తండి!"

ఆయన లేవబోయారు. మళ్ళీ కూర్చుని, సిలిండర్ ఎంతసేపు వస్తుందో వినీలని అడిగారు. వినీల మంచినీళ్ళిచ్చింది. అవి తాగి, అచ్చాయమ్మ ఊపిరి కాసేపు చూసి ఆయన గుమ్మం దాటేసరికి చీకటి పడిపోయింది. పిల్లలు ఉక్కకి ఏడుస్తున్నారని ఎవరో మెయిన్ వేశారు, వాళ్ళని చూసి ఇంకొకరు వేశారు. సందంతా మళ్ళీ బొయ్యిమంది. నెలాఖరుకి దీవి మూగబోయింది.

ఆ సాయంత్రం తలుచుకుంటే సంపూర్ణమ్మకి ఇప్పటికీ మనసు చివుక్కుమంటుంది. ముందే ఆయన చెవిన ఒక్క మాట వేసి ఉంటే ఆ టిట్ టిట్ వినేవారు గదా అనుకుంటుంది. సందులో ఏ రహస్యమూ దాచలేని మనిషి జన్మకో రహస్యం దాచింది, అదీ ఇలాగయింది.

"వదిలెయ్ అమ్మా" అంటారాయన. "దానికి నేను వినలేదని తెలియదు."

కరెంటు మాత్రం పోతూనే ఉంది. ఆయన లుంగీ ఎగగట్టి మేడెక్కుతూనే ఉన్నారు. వెతకడానికి దీవి లేదు గనక ఇప్పుడు త్వరగా దిగి వచ్చేస్తున్నారు. జనం మాత్రం మునుపటిలాగే కాచుకుని ఉంటారు.

"ఏ దేశం తగిలిందండీ?"

"ఏం దేశమండీ నా మొహం! ఆ అచ్చాయమ్మ గారి పెట్టె గోల!"

వెనకింట్లోంచి, ఉన్న ఊపిరంతా కూడదీసుకుని, హార్బర్ వేలంపాట గొంతొకటి లేస్తుంది.

"ఇక్కడే ఉన్నానండోయ్!"

వీరాస్వామి గారు తలూపి, మిగిలిన సగం గడ్డం గీసుకోవడానికి లోపలికి వెళతారు.