ఇద్దత్‌లో నిండు గర్భిణి

2019 జులై. తిరువూరులో ఏఎన్ఎంగా, అంటే ఇంటింటికీ తిరిగి గర్భిణులనూ పసిపిల్లలనూ చూసుకునే నర్సుగా, నాకది ఇరవై ఆరో ఏడు. ఎనిమిదో నెల నిండిన షాహీన్ రెండు చెకప్‌లకు రాలేదు. ఆమె భర్త జానీ లారీ ప్రమాదంలో పోయి అప్పటికి నెల తిరగలేదు. రాని గర్భిణి ఇంటికి నేనే వెళ్లాలి గనుక వెళ్లాను.

గుమ్మంలో అత్త మస్తాన్‌బీ ఎదురైంది. కోడలు ఇద్దత్‌లో ఉందని, నాలుగు నెలల పది రోజులు గడప దాటదని చెప్పింది. భర్త పోయిన స్త్రీ అలంకారం మాని ఇంటిపట్టున ఉండే గడువే ఇద్దత్. నేనూ ముస్లింనే, ఆ నియమం నాకూ తెలుసు. అయితే కిటికీలు మూసి చీకటి గదిలో కూర్చోబెట్టడం, గాజులు పగలగొట్టడం మతం చెప్పినవి కావు, మా ఇళ్లలో అలవాటుగా వచ్చి చేరినవి.

లోపలికి వెళ్లి చూస్తే షాహీన్ కాళ్లు పొంగి ఉన్నాయి. తల పగిలిపోతోందని, కళ్ల ముందు మెరుపులు కనిపిస్తున్నాయని మెల్లగా చెప్పింది. బీపీ 160/110. మూత్రంలో ఆల్బుమిన్ అనే ప్రోటీన్ పడింది. దీన్ని ప్రీ-ఎక్లాంప్సియా అంటారు. ఆలస్యమైతే ఫిట్స్ వచ్చి తల్లీబిడ్డలిద్దరూ దక్కకపోవచ్చు. 108కి ఫోన్ చేసి, విజయవాడ వెళ్లాలని చెప్పాను.

మస్తాన్‌బీ ఒప్పుకోలేదు. మంత్రసానిని ఇంటికే పిలిపిస్తానంది. వాదించి లాభం లేదని మసీదు ఇమాం గారికి ఫోన్ కలిపి స్పీకర్ పెట్టాను. వైద్యానికి వెళ్లడానికి ఇద్దత్ అడ్డం కాదని, ప్రాణం కాపాడుకోవడమే ముందని ఆయన స్పష్టంగా చెప్పారు. ఆమె మనసు కుదుటపడాలని కాబోలు, గర్భిణికి కాన్పుతోనే ఇద్దత్ తీరిపోతుందని కూడా అన్నారు.

దానితో పని అయిపోయిందనుకున్నాను. మస్తాన్‌బీ గడపకు అడ్డంగా కూర్చుంది.

"అంటే రేపు కాన్పయితే నా కొడుకు కోసం కూర్చునే మనిషే ఉండదన్నమాట" అంది.

"ఖాలా, ముందు పిల్ల ప్రాణం..." అన్నాను, పిన్నిని పిలిచినట్టు.

"నన్ను నాలుగో రోజే లేపేశారమ్మా. తల్లికి మూడు రోజులే అంట. ఇరవై తొమ్మిదేళ్లు పెంచినదానికి మూడు రోజులు. ఇదన్నా కూర్చుంటే వాడి కోసం ఇంట్లో ఒకరు ఉన్నట్టుంటదని..."

నేను ఆమెను మొండి అత్త అనుకున్నాను. ఆమె కోడలి ఇద్దత్‌లో తన దుఃఖాన్ని దాచుకుంది.

ఇంకా లైన్‌లోనే ఉన్న ఇమాం గారు అదంతా విన్నారు. ఆమెతో నెమ్మదిగా అన్నారు: "అమ్మా, మూడు రోజుల హద్దు సంతాపం పాటించడానికే. గుండెల్లో బాధకూ, కన్నీళ్లకూ కాదు. కొడుకు పోయినప్పుడు మన ప్రవక్త గారు కూడా కన్నీళ్లు పెట్టుకున్నారు. గుండెలు బాదుకోవద్దన్నారు గానీ, ఏడవొద్దనలేదు."

అంబులెన్స్ వచ్చింది. "మీరూ ఎక్కండి ఖాలా. కోడలి పక్కన పెద్దవాళ్లు ఒకరుండాలి" అన్నాను. ఆమె లేచి, కోడలి తల మీద కొంగు సర్ది, చెయ్యి పట్టుకుని బయటికి నడిపించింది. నేనూ వాళ్లతో ఎక్కాను.

ఆ సాయంత్రమే ఆపరేషన్ చేశారు. ఆడపిల్ల, బరువు రెండు కిలోల వంద గ్రాములు. షాహీన్ బీపీ మూడో రోజుకు గానీ దిగలేదు, కానీ దిగింది.

ఇన్నేళ్లలో చూసిన పేషెంట్లందరిలో ఈ కేసు నాకో పద్ధతి నేర్పింది. అప్పటినుంచి ఏ ఇంట్లోనైనా ఆచారం పేరుతో ఎవరైనా గుమ్మానికి అడ్డం నిలబడితే, 108కి చెప్పి అది వచ్చేలోగా, వాళ్లు పోగొట్టుకున్నదేమిటో అడుగుతాను. చాలాసార్లు అడ్డం అక్కడే తొలగింది.

ఆపరేషన్ రోజున ఆసుపత్రి వరండాలో బిడ్డను మస్తాన్‌బీ చేతికిచ్చాను. అచ్చం జానీ ముక్కే వచ్చిందంటూ చూసి చూసి, నావైపు తిరిగింది.

"దీని ముందు ఏడవచ్చా అమ్మా?"

"ఏడవండి ఖాలా. పిల్ల మెడ కింద చెయ్యి మాత్రం తియ్యకండి."