నేనల్లిన నులకమంచం

రిటైరయ్యాక నా చేతుల్లో ఎంత పనితనం దాగుందో విజయనగరం ఊరంతటికీ తెలిసొచ్చింది. వైరు సంచులు, కొబ్బరిచిప్ప గరిటెలు, ఊలు తోరణాలు, ఏది పట్టుకున్నా వారం తిరక్కుండా చెయ్యి తిరిగిపోయేది. మా ఇంట్లో వస్తువులు చూసి ఎగ్జిబిషన్ పెట్టమని కలెక్టరాఫీసు నుంచే అడిగేరు.

అడిగిన మాట నిజం. అడిగినవాడు ఆ ఆఫీసులో అటెండరు, మా పక్క వాటాలో అద్దెకుండేవాడు. ఒకరోజు మా గుమ్మంలో చెప్పులు విప్పుతూ, "ఏటి మావా, ఇంటినిండా ఎగ్జిబిషన్ ఎట్టీసినావు, టిక్కెట్టెంత?" అన్నాడు. నేను ఆ మాటని కొంచెం పైకి జరిపేను, అంతే.

ఉద్యోగమంతా బస్సు కండక్టరుగా చేసేను. టిక్కెట్టు చింపడం, చిల్లర ఏరడం, బస్సు రేకు మీద కొట్టడం, చేతులకి ఎప్పుడూ ఏదో ఒక పని. రిటైరయిన మర్నాటి నుంచి ఆ చేతులు ఊరుకోలేదు. పేపరు చదువుతూ అంచులు చింపేస్తున్నానని మా ఆవిడ కనిపెట్టింది. రేషను కార్డు మూల కూడా నేనే చింపేనంటుంది గాని అది ఎలకల పని. "ఏదో ఒక యాపకం ఎట్టుకోండి, నేకపోతే ఇల్లు సించీసేలాగున్నారు" అని తనే బజారుకి వెళ్ళి నైలాను వైరు కట్టలు తెచ్చి నా ముందు పడేసింది.

మొదటి సంచి అడుగు వెడల్పుగానే మొదలయింది. పైకి వస్తున్నకొద్దీ మూతి ఎందుకో దగ్గర పడిపోయింది. వంకాయలు పట్టలేదు. ఆఖరికి దాన్లో గొడుగు పెట్టుకున్నాం, అది సరిగ్గా సరిపోయింది. కొబ్బరిచిప్ప గరిటె చూడ్డానికి బాగానే ఉండేది గాని పులుసు కలుపుతుంటే కాడ ఒకవైపు, చిప్ప ఒకవైపు తిరిగేవి. ఊలు తోరణం గుమ్మానికి కడితే కుచ్చులు పొడుగైపోయి వచ్చినవాళ్ళ కళ్ళజోళ్ళకి తగులుకునేవి. పాలవాడు నన్ను చూసి ఒంగుని లోపలికి వచ్చేవాడు. కొన్నాళ్ళు అది నా మీద గౌరవమే అనుకున్నాను.

కొవ్వొత్తులు పోస్తానన్నప్పుడు మాత్రం మా ఆవిడ అగ్గిపెట్టె దాచేసింది.

ఇలా ఉండగా తొలకరి రోజుల్లో మా అప్ప, అంటే మా అక్క, మా ఇంటికి వచ్చింది. వచ్చింది అనకూడదు, తీసుకొచ్చేను. ఆవిడది నౌపడ దగ్గర, ఉప్పు మడులు దాటేక వచ్చే చిన్న ఊరు. బావ పోయి చాలాకాలమయింది, పిల్లల్లేరు. ఒక్కతే వండుకుని ఒక్కతే తిని, పొలం కౌలుకిచ్చినవాడితో రోజూ తగువాడుకుంటూ సుఖంగా ఉండేది. నూతి దగ్గర నాచు మీద కాలు జారి పడింది. మోకాలు కుండలా వాచిపోయింది.

డాక్టరు ఫొటో తీయించి చూసేడు. ఎముక విరగలేదన్నాడు. వానలు వెళ్ళేదాకా ఈ మనిషిని ఒంటరిగా ఉంచకూడదని, నూతి దగ్గరికి అసలు పోనివ్వొద్దని, ఇంకోసారి అదే కాలి మీద పడితే మళ్ళీ నడుస్తుందో లేదో తను చెప్పలేనని నాతో అన్నాడు. ఆయన చెప్తున్నంతసేపూ మా అప్ప గోడకున్న ఎముకల బొమ్మ కేసి చూస్తూ కూర్చుంది. బయటికొచ్చేక, "నాలుగ్రోజులుండి ఎల్తాను" అంది.

"డాక్టరేటన్నాడప్పా? ఇనబడ్డాదా?"

"ఆడికేటి, ఆడింట్లో కుళాయున్నాది."

అక్కడితో ఆ సంభాషణ ముగిసింది. మా అప్పకి వద్దని చెప్పినవాళ్ళు మా వంశంలో లేరు. మా నాన్న ఒకసారి ప్రయత్నించేడని చెప్పుకునేవారు.

ఇంటికొచ్చిన మర్నాటి నుంచి వెళ్ళిపోవడానికి కారణాలు వెతకడం మొదలుపెట్టింది. కుళాయి నీళ్ళు పోసుకుంటే స్నానం చేసినట్టుండదట. మా వీధి కుక్కలు వేళాపాళా లేకుండా అరుస్తాయట. అన్నిటికంటే పెద్ద ఫిర్యాదు మా స్పంజి పరుపు మీద. "పిండిముద్దలో పడుకున్నట్టున్నాది. నడుం పట్టీసినాది. నులకమంచం ఒకటుంటే ఉందును గాని..." అని మాట సగంలో వదిలేసింది.

ఊళ్ళో నులకమంచం దొరకదని తెలిసే అంది. అది నాకూ తెలుసు, మా ఆవిడకీ తెలుసు. కానీ ఆ "ఉందును" అన్న ఒక్క ముక్కా నేను గట్టిగా పట్టుకున్నాను.

"అయితే నానల్లుతానప్పా."

వంటింట్లోంచి మా ఆవిడ బయటికొచ్చింది. "వదినా, ఎల్లాలనుంటే ఎల్లిపో. ఈయన సేసిన మంచం మీద పడుకుని ఆ రెండో మోకాలు కూడా పోగొట్టుకోకు."

"ఉండవే మరదలా, ఏటి సేస్తాడో సూద్దాం. కాలచ్చేపం," అంది మా అప్ప.

మేడమీద పాత మంచం చట్రం ఒకటుంది. మా ఆవిడ దానికి దోమతెర ముక్క కట్టి వడియాలు ఆరబెట్టుకునేది. వడియాలు దింపి, దోమతెర విప్పి చట్రం కిందికి తెచ్చేను. ఆ వడియాలు తర్వాత డాబా నేలమీద ఆరి, మట్టి కరకరలాడి, చాలాకాలం మా సంసారంలో ప్రస్తావనకి వచ్చేవి. నులక కోసం బజారంతా తిరిగేను. అన్ని కొట్లలోనూ రంగురంగుల ప్లాస్టిక్ తాళ్ళే. చివరికి ఒక సంతలో ఒక ముసలాయన దగ్గర గోగునార నులక దొరికింది. "దేనికి బాబూ, గేదెకా?" అన్నాడు. మా అప్పకి అని చెప్పేను.

పని నేర్పినది ఫోను. అప్పుడే అందరి చేతుల్లోకీ చవక నెట్టు వచ్చింది. ఉత్తరాది మనిషి ఒకాయన చెట్టు కింద కూర్చుని మంచం అల్లుతున్న వీడియో దొరికింది. ఆయన హిందీ నాకు రాదు గాని చేతుల భాష అర్థమవుతుంది. తలవైపు నుంచి మొదలుపెట్టి, చట్రం పట్టెకి చుట్టి, ఐమూలగా పైకీ కిందికీ తిప్పుతున్నాడు. ముప్పాతిక మంచం అయ్యేసరికి ఆ రోజు నెట్టు అయిపోయింది. తెర మీద చక్రం తిరుగుతూ ఉండిపోయింది. మర్నాడు మిగతాది చూడొచ్చు. చూడలేదు. ఇంక మిగిలిందేముంది, ఇదే పని చివరిదాకా చెయ్యడమే కదా అనుకున్నాను.

వీధిలో అందరికీ ఒక్కరోజులో అల్లేనని చెప్పేను. వారం దాటింది. మధ్యలో రెండుసార్లు విప్పేను. చివరి వరసలు అల్లుతుంటే మా అప్ప కుర్చీలోంచి మెడ సాచి చూసింది.

"అదేట్రా, కాళ్ళకాడ జాగా ఒగ్గనేదేటి?"

"ఇది కొత్త పద్ధతప్పా. ఫోను పద్ధతి."

"ఊఁ," అంది.

అయిపోయిన మంచం ఎంత బాగుందంటే మా ఆవిడ కూడా ఒకసారి కూర్చుని చూసింది. అరచేత్తో కొడితే డప్పులా మోగింది. ఆ రాత్రి మా అప్ప దాని మీద పడుకుని, తెల్లారి పొద్దెక్కేదాకా లేవలేదు. కాఫీ తాగింది. వెళ్తానన్న మాట ఎత్తలేదు. నేను ఆ పూట వీధి చివర టీకొట్టుకి వెళ్ళి, అవసరం లేకపోయినా రెండు టీలు తాగేను.

రెండు మూడు రోజులు బాగానే గడిచింది. తర్వాత మంచం సాగడం మొదలుపెట్టింది.

నులకన్నాక సాగుతుంది. అందుకే మంచం మొత్తం అల్లరు. కాళ్ళవైపు జానెడు ఖాళీ వదిలి, అక్కడ వేరే తాడు వేసి పట్టెకి లాగి కడతారు. అల్లిక వదులైనప్పుడల్లా ఆ తాడు బిగిస్తే మళ్ళీ గట్టిపడుతుంది. ఇదంతా ఆ వీడియోలో నేను చూడని పావువంతులో ఉంది. నేను పట్టె దాకా అల్లేసేను, బిగించడానికి తాడు లేదు, తాడుకి చోటు లేదు. మంచం నడుం రోజురోజుకీ కిందికి దిగింది. కింద పీట పెట్టేను. పీట మా అప్ప వీపుకి తగిలింది. పీట తీసేసేను.

"తమ్ముడా, ఇది మంచం కాదురా, ఉయ్యాల," అంది. తర్వాత తాపీగా, "రేపు మజ్జానం పాసింజరుకి ఎల్లిపోతాను. ఆటో పిలు" అంది.

మర్నాడు భోజనం అవగానే చీర మార్చుకుని, సంచి సర్దుకుంది. ఆటోవాడు పది నిమిషాల్లో వస్తానన్నాడు. మా ఆవిడ నన్ను పెరట్లోకి లాక్కుపోయింది.

"ఆపండి. మీ అప్ప కదా."

"నువ్వు సెప్పు. ఆడదానివి, నీ మాటింటాది."

"నా మాటెప్పుడిన్నాది? ఆ ఊళ్ళో నూతికాడ మళ్ళా పడితే ఎవులు సూస్తారు? గట్టిగా వద్దని సెప్పండి."

"మరి నువ్వేటి, ఎల్లాలనుంటే ఎల్లిపో అన్నావు?"

"మీ అల్లిక సూసి అన్నాను. ఆ చట్రం నా వడియాలకే ఉంచుంటే ఇంత ఎందుకొస్తాది?"

అక్కణ్ణించి మాటలు వడియాల మీదికి వెళ్ళేయి. వడియాలనుంచి ఊలు తోరణం, తోరణంనుంచి మా పెళ్ళిలో మా వాళ్ళు అన్న మాట. ఇంతలో ఆటోవాడు వచ్చి, హారను కొట్టి, ఎవరూ రాకపోయేసరికి వెళ్ళిపోయేడట. తర్వాత పక్కవాళ్ళు చెప్పేరు. మాకు స్టేషను దగ్గరే, బండి కూత వినపడ్డాకే ఇద్దరం నోరు మూసేం. వద్దని చెప్పే పని ఇద్దరికీ తప్పింది గాని, సాయంత్రం ఇంకో బండి ఉంది.

లోపలికి వెళ్ళేసరికి మా అప్ప ఆ మంచంలో వెల్లకిలా పడుకుని ఉంది. సంచి పొట్ట మీదే ఉంది. ఫాను కేసి చూస్తోంది.

"బండెల్లిపోయినట్టున్నాదప్పా. సాయంత్రం బండికి..." అన్నాను.

"ఉండిపోతాన్లే," అంది. "సెయ్యందియ్యి, లెగుతాను."

ఆ సాయంత్రం వెళ్ళలేదు. మర్నాడూ వెళ్ళలేదు. మంచం విప్పించి, కాళ్ళవైపు జాగా ఒగ్గించి, తను కుర్చీలో కూర్చుని తిడుతుండగా నాచేత మళ్ళీ అల్లించింది. వానలు వెళ్ళేయి, దీపావళి వెళ్ళింది. మోకాలి వాపు పూర్తిగా దిగింది. కర్ర లేకుండా వీధి చివరిదాకా నడుస్తోంది. ఊరికి వెళ్ళేముందు నూతికి చిన్న మోటారు పెట్టించుకోవడానికి కూడా ఒప్పుకుంది.

ఇదంతా నా మంచం గొప్పే అని నేను నమ్మేను. నమ్మి అందరికీ చెప్పేను. మొదటి అల్లికలో ఏదో మెత్తదనం ఉండి ఉంటుందని, సంచి సర్దుకున్న మనిషిని కూడా అది ఆపేసిందని. కార్తీకంలో మా ఆవిడ తమ్ముడు వచ్చినప్పుడు, మా అప్ప పక్కనే బియ్యం ఏరుకుంటుండగా, అతనికి కూడా అదే చెప్పేను. "ఎన్ని మాటలు సెప్పినా ఆగని మనిషిని బామ్మర్దీ, నా సేతిపని ఆపీసినాది" అన్నాను.

మా అప్ప చేట పక్కన పెట్టింది.

"ఒరే, నీ సేతిపనికి ఆగనేదురా నాను. ఆటో వచ్చీదాకా అని సంచి ఒళ్ళో ఎట్టుకుని దాన్లో కూకున్నాను. కూకున్నదాన్ని జారిపోయాను. లెగుద్దామంటే పట్టె అందనేదు. ఆటో వచ్చి పోయినాది, మిమ్మల్ని కేకేసాను, మీరిద్దరూ పెరట్లో కొట్టుకు సస్తన్నారు. బండీ ఎల్లిపోయినాది. అలగే పడుండి అనుకున్నాను, మంచంలోంచి లెగనేనిదాన్ని నూతిలోంచి నీళ్ళేటి తోడతాను, పడితే కేకేసినా ఎవుడింటాడు అని. అందుకుండిపోయాను. నీ మొకం, నీ అల్లికా."