కంచు గిన్నెల రాజుతో సిరిసిల్ల దాకా

సిరిసిల్లలో ఒక చిన్న చదువరుల బృందం ఉంది. నెలకో ఆదివారం ఎవరో ఒకరు చరిత్రలోని ఒక మనిషి గురించి మాట్లాడతారు. నన్ను రెండుసార్లు పిలిచారు, రెండుసార్లూ జ్వరమని చెప్పాను. నిజానికి నలుగురి ముందు నిలబడితే నాకు మాట రాదు. ఈసారి ఒప్పుకున్నాను. ఈసారీ నోరు పెగలకపోతే ఇక ఎప్పటికీ ప్రయత్నించనని నాకు తెలుసు. విషయం మాత్రం ఇష్టమైనదే: పద్నాలుగు వందల ఏళ్ల కిందట ఇంగ్లండ్ ఉత్తర భాగాన్ని ఏలిన ఎడ్విన్.

ఉదయం ఎనిమిదింటికి జగిత్యాలలో కోరుట్ల బస్సు ఎక్కాను. ఆధార్ చూపిస్తే ఆడవాళ్లకు జీరో టికెట్. సిరిసిల్లకు ఇది చుట్టుదారి. కానీ కోరుట్లలో నేను చదివిన కాన్వెంటు సిస్టర్ నా కోసం ఎడ్విన్ రాజ్యం పటం చార్టు మీద గీసి ఉంచారు. "తడబడితే పటం చూపించు. కాసేపు అందరూ అటే చూస్తారు" అన్నారు.

పదింటికే ఎండ ముదిరింది. వేములవాడ బస్సుకు ఇంకా ముప్పావు గంట ఉంది. బస్టాండు బయట చలివేంద్రంలో నీళ్లు పోస్తున్న అవ్వ నా చేతిలోని చార్టు చుట్టను చూసింది.

"గదేంది బిడ్డా?"

"ఒక రాజు గురించి చెప్పడానికి పోతున్న, అవ్వా."

"ఏమన్న మంచి చేసిండా?"

చిన్న వయసులోనే రాజ్యం పోయి ఊరూరా తలదాచుకున్నాడని, తర్వాత తిరిగి రాజయ్యాడని చెప్పాను. అతని కాలంలో బాలింత పసిబిడ్డనెత్తుకుని ఈ సముద్రం నుంచి ఆ సముద్రం దాకా భయం లేకుండా నడవగలిగేదట. దారి పక్క ఊటల దగ్గర బాటసారులు నీళ్లు తాగడానికి గుంజలకు కంచు గిన్నెలు కట్టించాడట. వాటినెవరూ ఎత్తుకుపోలేదట.

"పసిగుడ్డుతోని గంత దూరం ఎందుకు నడిచింది? అత్తతోని పంచాదా?" అంది అవ్వ. గ్లాసు కడుగుతూ మళ్లీ అడిగింది. "గా గిన్నెలు ఎవలు తోముతుండె? కంచు వానకు చిలుం పడ్తది. చింతపండువెట్టి తోమకుంటే నోట్ల వెట్టబుద్ధి గాదు. రాజు తోమిండా ఏంది?"

నేను సీసా నింపుకుని బస్సెక్కాను.

వేములవాడలో బస్సు మారి, అక్కడే యాభై రూపాయలకు పెరుగన్నం తిని, ఒకటిన్నరకు సిరిసిల్ల చేరాను. ఆటోకు ఇరవై. మేడ మీద గదిలో పన్నెండు మంది, ఎక్కువగా సాంచాల మీద, అంటే మరమగ్గాల మీద, పనిచేసినవాళ్లు. లేచి నిలబడ్డాను. రాసుకున్న మొదటి వాక్యం పోయింది. రెండోదీ పోయింది.

"గట్టిగ చెప్పు బిడ్డా, మా చెవులు సాంచాలు తిన్నయి" అన్నాడు ముందు వరుసలో పెద్దాయన.

ఇంకేదీ గుర్తురాక గిన్నెల సంగతి చెప్పి, అవ్వ ప్రశ్నే అడిగాను.

"సిపాయిలు తోముతరు" అన్నాడాయన.

"వాళ్లు తిన్న కంచమే తోమరు" అంది వెనక నుంచి ఒకామె. "నీళ్లకొచ్చే ఆడోళ్లే తోమి ఉంటరు."

గదంతా వాదనకు దిగింది. సాంచాల హోరులో మాట్లాడి అలవాటైన గొంతులవి. రెండుసార్లు మెల్లగా పిలిచాను, ఎవరికీ వినపడలేదు.

"ఆగండి. రాజు ఇంకా చావలేదు" అని అరిచాను.

అందరూ నవ్వి నావైపు తిరిగారు. యుద్ధంలో ఎడ్విన్ మరణం దాకా నలభై నిమిషాలు చెప్పాను. చార్టు విప్పనేలేదు.

ఎడ్విన్ పేరు పుస్తకాల్లో నిలిచింది, గిన్నెలు తోమినవాళ్ల పేర్లు ఎవరూ రాయలేదు. నేనూ అంతే. ఆ రోజు నాకు నీళ్లూ, నలుగురిలో చెప్పడానికో మాటా ఇచ్చిన అవ్వ పేరు అడగనేలేదు. రుణపడిన మనిషిని ఏమని తలచుకోవాలో తెలియక ఇది రాస్తున్నాను. మీరు ఈ దారిలో వెళ్తే కోరుట్లకు బస్సు వేళకు గంట ముందే చేరండి, సీసా అక్కడి చలివేంద్రంలోనే నింపుకోండి. పోసేవాళ్ల పేరు అడగండి.