పదోవాడు

గల్ఫ్ దేశంలోని షినాస్‌లో, మా నర్సుల క్వార్టర్స్‌లో శుక్రవారం ఆరాధన ఒకప్పుడు పదకొండు మందితో జరిగేది. చాప చాలక దుప్పట్లు పరిచేవాళ్లం. ఒకరు ఐర్లండ్ వెళ్లారు, ఒకరు పెళ్లయి మానేశారు, మిగతావాళ్లు కాంట్రాక్టులు ముగిసి ఊళ్లకు చేరారు. చివరికి నేనూ నా రూమ్మేటూ మిగిలాం. ఇద్దరు ముగ్గురు కూడిన చోట తానుంటానని ప్రభువే అన్నాడు గనుక మా లెక్కకు ఇద్దరు చాలు. తనకు డ్యూటీ పడిన శుక్రవారాల్లో మాత్రం నేనొక్కదాన్నే ప్రార్థన చేసి, నేనే ఆమెన్ చెప్పుకునేదాన్ని. అది ఎంత దిగులుగా ఉంటుందో చెప్పుకున్నవాళ్లకే తెలుస్తుంది.

నేను సెలవు మీద ఊరు బయల్దేరే ముందు తను చల్లగా చెప్పింది.

"ఈసారి రెన్యూవల్ చెయ్యనక్కా. మా ఆయన భీమవరంలోనే ఉద్యోగం చూశాడు. నువ్వొచ్చాక మానేత్తానని కాగితం ఇచ్చేత్తాను."

"మంచిదేనమ్మా," అన్నాను. నోటితో అన్నానంతే. తిరిగి రాగానే ఎలాగైనా ఆపాలని ఆ నిమిషంలోనే నిశ్చయించుకున్నాను.

తిరుగు ప్రయాణంలో ముంబైలో ఒక పగలంతా ఖాళీ దొరికింది. అక్కడ యూదుల పాత సమాజమందిరం ఒకటి ఉందనీ, అందులో ఇంకా ఆరాధన జరుగుతుందనీ, లోపలే మ్యూజియం ఉందనీ ఎవరో చెప్పగా విన్నాను. సమాజమందిరమనే మాట చిన్నప్పటి నుంచి సండే స్కూల్లో వల్లించినదాన్నే గాని, కళ్లతో ఎన్నడూ చూడలేదు. గేటు దగ్గర పాస్‌పోర్టు చూపించి, అలవాటు కొద్దీ మెట్ల కింద చెప్పులు విడిచి, చున్నీ తలమీదికి లాక్కున్నాను.

"చెప్పులు వేసుకోండమ్మా, ఇక్కడ తీయరు," అని హిందీలో ఒక ముసలాయన నవ్వాడు. నెత్తిన చిన్న గుండ్రటి టోపీ. మరాఠీ మాట్లాడే యూదుడు. వచ్చినవాళ్లకు మ్యూజియం చూపించేది ఆయనే.

మ్యూజియం అంటే మేడ మీద, ఒకప్పుడు ఆడవాళ్లు కూర్చున్న వసారా. అద్దాల బీరువాల్లో ఇత్తడి దీపాలు, మరాఠీ ప్రార్థన పుస్తకాలు, అంచుల నిండా పూలు గీసిన పెళ్లి ఒప్పందం. ఆయన నోరు తెరిచేలోపే నేను ప్రతిదానికీ పాత నిబంధన అప్పజెప్పాను. సండే స్కూలు టీచరు బుద్ధి ఎక్కడికి పోతుంది! ఆయన ఓపిగ్గా విని, "అంతా తెలుసే మీకు," అన్నాడు. మెచ్చుకోలో మందలింపో తేల్చుకోలేకపోయాను.

పైనుంచి కింది హాల్లోని ఖాళీ బల్లలు చూస్తూ, ఆరాధనకు ఎంతమంది వస్తారని అడిగాను.

"పది."

"సుమారుగానా?"

"సరిగ్గా పది. పదిమంది మగవాళ్లు లేనిదే ధర్మశాస్త్రం రాసిన తోలు చుట్ట బయటికి తీయం. నేను పదోవాణ్ణి."

కొడుకు ఇజ్రాయెల్లో ఉన్నాడట. భార్య కూడా రెండేళ్ల కిందట మనవళ్ల దగ్గరికి వెళ్లిపోయింది. ఈయన రెండుసార్లు టికెట్ కొని కూడా ఆగిపోయాడు.

"వెళ్తానంటే ఎవరూ వద్దనరు. ఊరికే నా వైపు చూస్తారు. జ్వరమొచ్చిన రోజు టాక్సీ తెచ్చి తీసుకొచ్చారు. నా ప్రార్థన ఎవరికి కావాలమ్మా? తలకాయ కావాలి," అని టోపీ మీద తట్టుకుని నవ్వాడు.

నాకు నవ్వు రాలేదు. ఆ తొమ్మిదిమంది మీద ఒళ్లు మండింది. ముసలివాణ్ణి కట్టిపడేసి చేసే ప్రార్థన ఏం ప్రార్థన అని అడగబోయి ఊరుకున్నాను. ఎదుటివాళ్ల కంట్లో నలుసు నాకెప్పుడూ బాగానే కనబడుతుంది.

మర్నాడు షినాస్ చేరేసరికి రూమ్మేటు చేపల పులుసు పెట్టి ఎదురుచూస్తోంది. అన్నం తింటూ ఊరి కబుర్లు, మ్యూజియం కబుర్లు అన్నీ చెప్పాను. నేను చెప్పులు విడిచిన సంగతికి పడీపడీ నవ్వింది. పదోవాడి సంగతి మాత్రం చెప్పలేదు. మర్చిపోయి కాదు.

"కాగితం రాసేశానక్కా, రేపిచ్చేత్తాను," అంది కంచాలు తీస్తూ.

"ఒక్క ఏడాది ఆగవే. నువ్వెళ్తే నేనొక్కదాన్నే అయిపోతాను," అన్నాను. అంతవరకూ తప్పులేదు, ఉన్న దిగులే చెప్పాను. కాని అక్కడితో ఆగలేదు. "ఇన్నేళ్లు దేవుడు నిలబెట్టిన ఆరాధన నీ మూలంగా ఆగిపోవాలా?" అని కూడా అన్నాను.

తను కంచాలు కడిగి, తుడిచి, బోర్లించింది.

"సర్లే అక్కా," అంది.

కాగితం ఇవ్వలేదు. మొగుడితో ఏం చెప్పిందో తెలియదు, తలుపు వేసుకుని ఫోన్లో మాట్లాడింది. ఇప్పుడు ప్రతి శుక్రవారం తలస్నానం చేసి, ముసుగేసుకుని, టైముకు వచ్చి చాప మీద కూర్చుంటుంది. పాట ఎత్తుకోదు. తన వంతు వస్తే "నువ్వే చెయ్యక్కా" అంటుంది. నేను ముగించగానే ఆమెన్ అని, లేచి వంటింట్లోకి వెళ్లిపోతుంది.

నేనొక్కదాన్నే ప్రార్థన చేసుకున్న రోజుల్లో దేవుడు వింటున్నాడనైనా అనిపించేది. ఇప్పుడు ఇద్దరం కూర్చుంటున్నాం, ఎవరూ వింటున్నట్టు లేదు. ఆ కాగితం ఇచ్చెయ్యవే అని ఒక్క మాట అంటే చాలు. ఏడు నెలలుగా అనలేదు.