ఆపకూడని బండి

మా ఆవిడ సుజాత పటాన్‌చెరులో కర్రీ పాయింట్ నడుపుతుంది. ఈ మధ్య ఫంక్షన్లకు వంటలు కూడా ఒప్పుకుంటోంది. గంజులు, గిన్నెలు మోయడానికి లోడ్ ఆటో కొందామని చీటీ ఎత్తి డబ్బు చేతికి తెచ్చింది. నేను మాత్రం ఏడు సీట్ల పెద్ద బండే కావాలన్నాను. వెనక సీట్లు మడిస్తే గంజులు పడతాయి, ఆదివారం విప్పితే మేం పడతాం అన్నది నా లెక్క. ఫోన్‌లో వెతికితే జహీరాబాద్ అవతల చిరాగ్‌పల్లి రైతుదొకటి దొరికింది. డీజిల్ బండి, పదమూడేళ్లది, రెండు లక్షల అరవై వేలు.

"ఎల్లుండి పొద్దుగాల నిశ్చితార్థం ఆర్డరుంది. మనకు మొదటి పెద్ద ఆర్డర్. రేపు పొద్దుగూకే వరకు బండి ఇంటికి రావాలె, పనికి రావాలె. లేకుంటే నీ బండి నీది, నా ఆటో నాది" అంది సుజాత. ఆ మాటను నేను అనుమతి కింద జమ వేసుకున్నాను.

మర్నాడు పొద్దున ఏడింటికి జహీరాబాద్ ఎక్స్‌ప్రెస్ బస్సెక్కాను. టికెట్ నూట ఇరవై రూపాయలు. పక్క సీట్లో రాయికోడ్ వెళ్లే పెద్దావిడ కూర్చుంది. ఆడవాళ్లకిచ్చే సున్నా టికెట్‌ను కొంగున ముడేసుకుని, నా టికెట్ వంక జాలిగా చూసింది.

"ఏం పని మీద పోతున్నవ్ బిడ్డా?"

"పాత బండి కొననీకి."

"ఎందుకమ్ముతున్నడట?"

"పెద్దది కొంటున్నడట."

"మా ఇంటాయన బర్రెనమ్మినప్పుడు గూడ గదే చెప్పిండు" అని ఆవిడ కళ్లు మూసుకుంది. సదాశివపేట దాటేదాకా ఆ బర్రె నా కళ్లముందే తిరిగింది.

తొమ్మిదిన్నరకు జహీరాబాద్‌లో దిగి, బస్టాండ్ ఎదురుగా నలభై రూపాయలకు ఇడ్లీ తిన్నాను. అల్లం చట్నీ బాగుంది. ఆ ఊళ్లో అల్లానికి లోటు లేదు. అక్కడి నుంచి షేర్ ఆటోలో చెరకు లారీల వెనకాల దుమ్ము తింటూ చిరాగ్‌పల్లి చేరాను.

బండి అమ్మే రైతు బసప్ప పటేల్ ఇంటిముందు ఎత్తు మీద బండి నిలబడి ఉంది. అప్పుడే కడిగినట్టున్నారు, మెరుస్తోంది. ఇంజన్ నడుస్తోంది.

"రాండ్రి సార్, రాండ్రి. ఎండల పడి వస్తున్నరని గంట సంది ఏసీ ఏసి పెట్టిన. జర లోపల కూసోండ్రి" అన్నాడు పటేల్.

నా కళ్లు చెమర్చినంత పనయింది. మా సొంత బంధువులు ఫ్యాన్ వేయడానికి కూడా ఆలోచిస్తారు. చాయ్ కూడా బండిలోకే తెచ్చిచ్చాడు. ఊరవతల దాకా నడిపి చూశాను. నడిచింది. తిరిగొచ్చాక కాగితాలు, డబ్బు, కరచాలనం అన్నీ ఆ చల్లదనంలోనే అయిపోయాయి. ఇంజన్ ఆపమని నేను అనలేదు. ఆతిథ్యాన్ని ఎవరు ఆపమంటారు?

"మంచి బండి సార్. ఎక్కడ ఆపకుండ పోనియ్యుండ్రి" అన్నాడు పటేల్. దీవెన అనుకున్నాను.

జహీరాబాద్‌లో సుజాత వంటకని రెండు కిలోల అల్లం కొందామని దిగాను. అలవాటు కొద్దీ తాళం తిప్పి జేబులో వేసుకున్నాను. అల్లంతో తిరిగొచ్చి మళ్లీ తాళం తిప్పితే బండి టిక్కుమంది. ఇంకోసారి తిప్పితే అదీ అనలేదు. అటుగా వస్తున్న ట్రాక్టర్ ఫ్యాక్టరీ కార్మికులు నలుగురు నవ్వుకుంటూ వచ్చి, హైవే పక్కన మెకానిక్ ఖాజా భాయ్ షెడ్డు దాకా తోసిపెట్టారు.

ఖాజా భాయ్ బండిని చూడగానే గుర్తుపట్టాడు. "ఇది పటేల్ బండి గద సాబ్. దీన్ని బంద్ ఎవరు చేసిన్రు?"

"నేనే" అన్నాను. ఆయన తల అడ్డంగా ఊపాడు. బండిని లేపే సెల్ఫ్ మోటర్ ఎప్పుడో కాలిపోయిందట. పటేల్ రోజూ బండిని ఎత్తు మీదే పెట్టి, పల్లానికి దొర్లించి స్టార్ట్ చేస్తాడట. ఊరంతటికీ తెలుసట. సెల్ఫ్‌కు ఏడున్నర వేలు, సామాను హైదరాబాద్ నుంచి రావాలి కాబట్టి రెండు రోజులు. క్లచ్ ప్లేట్లు పదకొండు వేలు. రేడియేటర్ కారుతోంది, మూడు వేలు. ముందు చక్రాల బుష్‌లు నాలుగు వేలు.

"ఫికర్ చెయ్యకుండ్రి సాబ్. ఇంజన్ మాత్రం బంగారం" అన్నాడు.

వెనక సీట్లైనా మడిచి చూద్దామని లాగాను. అవి తుప్పు పట్టి బిగుసుకుపోయాయి. దానికి ఖాజా భాయ్ ధర కూడా చెప్పలేదు.

పటేల్‌కు ఫోన్ చేశాను. "ఆపొద్దని చెప్పిన గద సార్" అన్నాడు నొచ్చుకుని. తప్పు నాదే అన్నట్టు నేనే సారీ చెప్పి పెట్టేశాను.

రేడియేటర్‌లో నీళ్లు పోసి, షెడ్డులో వాళ్లందరూ తోస్తే మధ్యాహ్నం మూడింటికి బండి లేచింది. ఖాజా భాయ్‌కి మూడొందలిచ్చి బయలుదేరాను. అక్కడి నుంచి చాయ్ లేదు, భోజనం లేదు. ఇంకో అవసరానికి కూడా దిగలేదు. మునిపల్లి దగ్గర ఇంజన్ వేడి చూపే ముల్లు పైకి పోతుంటే ఏసీ ఆపేసి కిటికీలు దించాను. పాత బండి కొనబోయేవాళ్లకు నేను చెప్పగలిగింది ఒక్కటే, ఎంత ఎండైనా సరే, ముందు ఇంజన్ ఆపించి, చల్లారాక మళ్లీ స్టార్ట్ చేయించండి. ఏసీలో కూర్చోబెడితే దండం పెట్టి దిగిపోండి.

ఐదున్నరకు మా గల్లీలోకి వచ్చి, సరిగ్గా గేటు ముందు నిలిపాను. నిలిపింది బండినే, ఇంజన్‌ను కాదు. సుజాత బయటికొచ్చి చుట్టూ తిరిగి చూసింది. నేను గొంతు సవరించుకుని కిందికి దిగేలోపు, "డీజిల్ ఉత్తగ వస్తున్నదా?" అంటూ కిటికీలోంచి చెయ్యి పెట్టి తాళం తిప్పేసింది.

గల్లీ అంతా నిశ్శబ్దమైపోయింది. నా మొహం చూసి ఆమెకు అర్థమైనట్టుంది. అల్లం దగ్గర మొదలుపెట్టి సీట్ల దాకా అన్నీ చెప్పాను. పటేల్ దీవెన కూడా చెప్పాను. సిగ్గుతో తల ఎత్తలేకపోయాను. అది ఆమె చీటీ డబ్బు.

"రేపటికి కిరాయి ఆటో మాట్లాడిన" అంది సుజాత.

"ఎప్పుడు?"

"నువ్వు బస్సెక్కంగనే."

కోపం రావాల్సింది. కానీ ప్రాణం లేచొచ్చింది. ఆర్డరుకు ఢోకా లేదు.

"పొద్దుగాల అయిదింటికి వస్తది. గేటుకడ్డం నీ బండుంటే గంజులు ఎట్ల ఎక్కియ్యాలె?" అంటూ తలుపు తెరుచుకుని డ్రైవర్ సీట్లో కూర్చుంది. గేరు న్యూట్రల్‌లో వేసి, స్టీరింగ్ మీద రెండు చేతులూ పెట్టింది. "కూసుంటే మంచిగనే ఉంది. ఇగ తోయి."

వెనక్కి వెళ్లి భుజం ఆనించాను. పక్కింటాయన కూడా లుంగీ ఎగగట్టుకుని వచ్చాడు. ఇద్దరం కలిసి నెడితే మెల్లగా కదిలింది. సుజాత కిటికీలోంచి తల బయటపెట్టి వెనక్కి చూసింది.

"ఎక్కడ ఆపకుండ పోనియ్యి" అంది.