ఆయిలికి దారి కనబడింది

పద్దెనిమిదేళ్లప్పుడు కళ్ల డాక్టరు రాసిచ్చిన కాగితంతో ఆయిలికి ఈ జన్మలో కారు నడిపే లైసెన్సు రాదని తేలిపోయింది. ఆమె ఎడమ కంటికి వెలుగూ నీడా తప్ప ఏమీ తెలియవు. కుడి కంటికి సీసా అడుగంత మందం అద్దం పెట్టినా పట్టికలో మూడో వరుస దాటి చదవలేదు. ఆ మంచుదేశంలో, కాయాని ఊరి చుట్టుపక్కల నడక వచ్చిన ప్రతివాడికీ తర్వాత వచ్చే విద్య స్టీరింగు పట్టుకోవడమే. ఆమె అన్న ఓయివా మట్టిరోడ్ల పందేల్లో రెండు కప్పులు కూడా గెలిచాడు. ఆయిలి మాత్రం బడి వంటగదిలో చేరి, గురువారం గురువారం నాలుగు వందల మందికి బఠానీ సూపు కాస్తూ, ఎక్కడికి పోవాలన్నా బస్సు కోసమో అన్న కోసమో ఎదురుచూస్తూ యాభై దాటింది.

యాభై ఒకటో ఏట, వంటగదిలో తోటి పనామె ఇల్లు మారుతూ అటకమీద పడున్న ఆటల స్టీరింగూ పెడళ్లూ అమ్మేస్తానంది. ఆయిలి ఏదో సరదాకి కొనుక్కుంది. పాత కంప్యూటరుకి తగిలించి, కారు పందేల ఆట పెట్టుకుంది. మొదటి సాయంత్రం పద్నాలుగు సార్లు చెట్లకి గుద్దింది. పదిహేనోసారి ఒక గుట్టమీద కారు గాలిలోకి లేచి, నాలుగు చక్రాల మీద చక్కగా దిగింది. ఒంటరిగా ఉన్న ఇంట్లో ఆయిలి కేకపెట్టి నవ్వింది.

అక్కడినుంచి ఆరేళ్లు. ఆటలో పక్కసీటు గొంతు మలుపు ఎటో, ఎంత వంకరో అంకెతో "ఎడమ మూడు, దాటగానే గుట్ట" అని ముందే చెబుతుంది కాబట్టి సగం దారి చెవులతోనే నడపొచ్చు. మిగతా సగానికి కన్ను కావాలి. ప్రతి బుధవారం సాయంత్రం నలుగురు ఆడవాళ్ల జట్టుతో ఇంటర్నెట్‌లో వేరే జట్ల మీద పందెంలో దిగేది. జట్టుకు పెద్ద మార్కెట్టా. రౌమా రేవులో క్రేన్లు నడిపి రిటైరైన మనిషి. హెడ్‌ఫోన్లో ఆమె గొంతు వింటే రేవు రేవంతా ఇంట్లోకి వచ్చినట్టుండేది. ఆయిలి ఎప్పుడూ మొదటి అయిదుగురిలో ఉండేది.

ఆ చలికాలం ఏదో తేడా కొట్టింది. ఎండపడే దారిలో బాగానే ఉండేది. దేవదారు చెట్ల నీడలోకి వెళ్లగానే దారి మసిలో కలిసిపోయేది. జనవరిలో పదకొండో స్థానం. ఫిబ్రవరిలో కడపటి స్థానం.

"ఏమైందే నీకు? నిద్రపోతూ నడుపుతున్నావా?" అంది మార్కెట్టా.

"మణికట్టు నొప్పి," అంది ఆయిలి.

అబద్ధం. కంటి సంగతి ఎవరితోనూ అనలేదు. అంటే నిజమైపోతుందేమోనని భయం. ఉన్న ఒక్క కన్నూ పోతే వంటగదిలో కత్తి పట్టుకోనివ్వరు. రాత్రుళ్లు కుడి అరచేత్తో ఆ కన్ను మూసి, అలా ఉంటే ఎలా ఉంటుందో చూసుకునేది. స్టీరింగు మీద దుప్పటి కప్పేసి మూడు బుధవారాలు ఎగ్గొట్టింది.

మార్చిలో ఏటా జరిగే పరీక్షకి ఓయివా కార్లో తీసుకెళ్లాడు. డాక్టర్ లిండ్రూస్ చుక్కలు వేసి, దీపం పెట్టి, చాలాసేపు చూసింది. ఆయిలి కుర్చీ చేతులు పట్టుకుని కూర్చుంది.

"నిరుడు ఎలా ఉందో అలాగే ఉంది," అంది డాక్టరు. "వెంట్రుకవాసి తేడా లేదు."

"లేదు. మీరు మళ్లీ చూడండి. నాకు చీకట్లో దారి కనబడటం లేదు."

"మీరు చీకట్లో నడుస్తున్నారా?"

"నడవడం కాదు, నడుపుతున్నాను," అని ఆయిలి ఆటంతా పూసగుచ్చినట్టు చెప్పింది.

డాక్టరు శ్రద్ధగా విని, "ఆ తెర కొని ఎన్నేళ్లయింది?" అని అడిగింది.

"పన్నెండు."

"అయితే ముసలైంది మీ కన్ను కాదండీ, ఆ తెర. దాని వెనక దీపం నీరసించినట్టుంది. ముందు దాన్ని మార్చండి."

బయటికొచ్చి ఆయిలి మంచు కరుగుతున్న మెట్లమీదే కూలబడి ఏడ్చింది. ఓయివా కంగారుపడిపోయాడు.

"ఏం చెప్పిందే? చెప్పి ఏడువు!"

"ఏమీ లేదందిరా అన్నయ్యా. ఏమీ లేదంది!"

"ఏమీ లేకపోతే ఏడుపెందుకే పిచ్చిమొహమా? లే, తడిసిపోతావు. పద, ఇప్పుడే కొందాం. ఊళ్లోకెల్లా పెద్దది కొందాం."

దుకాణంలో ఓయివా సూటిగా ఊయలంత వెడల్పున్న వంపు తెర దగ్గరికి నడిచాడు. అమ్మే ఆయన పేరు సకారి. నలభై దాటిన నెమ్మది మనిషి. సెకనుకు ఇన్ని బొమ్మలని, తెరమీద ఇన్ని లక్షల చుక్కలని చెప్పుకుపోయాడు.

"కళ్లు బాగోని వాళ్లకి పెద్దదే కదండీ మంచిది?" అన్నాడు ఓయివా.

ఆయిలి ముందు కూర్చుంది. తనకు కనబడాలంటే జానెడున్నర దూరంలో ఉండాలి. అంత దగ్గరైతే తెర రెండు చివర్లూ పక్కవీధిలో ఉన్నట్టున్నాయి. వేగం చూపే అంకె ఒక మూల, దారి ఇంకో మూల. చుక్కలు మరీ ఎక్కువ కావడంతో అక్షరాలు చీమకాళ్లలా ఉన్నాయి. పైగా నిగనిగలాడే ఆ అద్దంలో దుకాణం దీపాలన్నీ వరసకట్టాయి.

"బొమ్మ బాగుంది. కానీ నాకు కనిపిస్తోంది మా అన్నయ్య బట్టతల," అంది.

సకారి నవ్వి, చెప్పడం ఆపి అడగడం మొదలుపెట్టాడు. ఇంట్లో ఎంత దూరంలో కూర్చుంటారు? దీపం ఎటువైపు? ఎక్కడ ఇబ్బంది? ఇంట్లో స్టీరింగు బల్ల అంచుకి బిగించి ఉంటుందని, తెర దాని వెనక మూరెడు దూరంలో ఉంటుందని, మెడ చాచీ చాచీ భుజాలు పట్టేస్తాయని ఆయిలి చెప్పింది. ఇన్నేళ్లూ అది తన కంటి తప్పే అనుకుంది.

"నేను నడిపి చూడొచ్చా? నాకు తెలిసిన దారే, నీడ ఉన్నది," అంది.

గిరాకీ పల్చగా ఉంది. సకారి ప్రదర్శనకి పెట్టిన స్టీరింగు తెచ్చి బిగించాడు. ఒకటి తర్వాత ఒకటి నాలుగు తెరలు మార్చాడు. ఒకదానిలో చీకటి చోట్ల కదిలే చెట్లు వెనక మసక తోకలు సాగదీశాయి. ఒకటి పర్వాలేదు. నాలుగోది మామూలుగా ఇరవై ఏడు అంగుళాలది, మెరుపు లేని తెర, చుక్కలు మధ్యరకం. దాన్ని మడిచే ఇనపచేతికి తగిలించి, స్టీరింగు మీదుగా ఆమె ముక్కు దగ్గరికి లాగాడు. కింద ఒక మీట నొక్కితే మిగతా బొమ్మ వెలిసిపోకుండా నీడలు మాత్రం తేటపడ్డాయి.

దేవదారు చెట్ల కిందికి కారు దూరింది. దారి అలాగే ఉంది. పక్కన కాలవ ఉంది. కాలవ ఒడ్డున రాయి ఉంది. ఆ రాయినే ఫిబ్రవరంతా గుద్దుకుంది.

"రాయి!" అని అరిచింది ఆయిలి, ఎప్పుడో దూరమైన చుట్టాన్ని చూసినట్టు.

వెనక నిలబడ్డ ఓయివా, లేని బ్రేకుని నేలమీద తొక్కుతూ, "నెమ్మదే! నెమ్మది! అక్కడ గుట్ట ఉందే!" అన్నాడు.

"నాకు తెలుసు, నోరు మూసుకో!"

కారు గుట్ట దాటి దిగింది. ఓయివా నుదురు తుడుచుకున్నాడు. "ఇలా నడుపుతావని నాకెప్పుడూ చెప్పలేదేం?" అన్నాడు.

"నువ్వెప్పుడూ అడగలేదుగా."

ఇంత చిన్నదానికి ఇంత దూరం వచ్చామా అని అతను పెదవి విరిచినా, ఆ తెరే కొని ఇంటికి తెచ్చి, ఇనపచేయిని బల్లకి బిగించి, మరలు రెండుసార్లు సరిచూసి, దాల్చినచెక్క బన్ను తిని గానీ కదల్లేదు.

బుధవారం ఆయిలి హెడ్‌ఫోన్ పెట్టుకుని ముందు నిజం చెప్పేసింది. మణికట్టుకేమీ కాలేదని, కన్ను పోతోందని భయపడ్డానని.

"నేనూ చెవి మిషను పెట్టుకున్నానే, రెండేళ్లయింది," అంది మార్కెట్టా. "అంతకుముందు మీరంతా గొణుగుతున్నారనుకున్నాను. అయ్యిందా? ఇక నడుపు."

ఆ సాయంత్రం ఆయిలి నాలుగో స్థానంలో వచ్చింది. ఆట ఆపాక టీ పెట్టుకుని, మెడ అటూ ఇటూ తిప్పి చూసుకుంది. ఎక్కడా పట్టేయలేదు. పొద్దున్న మోయాల్సిన బంగాళాదుంప బస్తాలున్నాయి. దీపం ఆర్పి, పక్కమీద వాలగానే నిద్రపోయింది.