ఖాట్మండుకు నాలుగు ఫొటోలు

మా బోధన్‌ల వీసా అంటే ఏజెంటు, మెడికల్, తెల్ల బ్యాక్‌గ్రౌండు ఫొటోలు. ఇంటికొకరు గల్ఫ్‌కు పోయే గల్లీల పెరిగినోన్ని. అందుకే నాలుగొద్దుల నేపాల్ టూరుకు కూడా నాలుగు ఫొటోలు దిగి, ఫీజుకని డాలర్లు మార్పించుకొని, ఖాట్మండు ఎయిర్‌పోర్టుల ఫారిన్‌వాళ్ల వెనుక వీసా లైన్ల దర్జాగ నిలబడ్డ.

నేను ఇంటికి ఫోన్ చేస్తుంటే విని, పక్కనుంచి ఒక నేపాలీ ఆయన తెలుగుల పిలిచిండు.

"అన్నా, గిది మీ లైను కాదు. ఇండియావాళ్లకు ఈడ వీసా లేదు, ఫీజు లేదు. సీదా పోవుడే."

ఖతార్‌ల మా జిల్లా భీమ్‌గల్ వాళ్లతోని ఒక్క రూముల ఉండి తెలుగు నేర్చుకున్నడట.

నాకు నమ్మకం కుదరలే. ఫీజు లేకుండ పంపిస్తా అన్నోడు మా దిక్కు దొంగ ఏజెంటే. "నీకెంత ఇయ్యాలె?" అని మెల్లగ అడిగిన.

ఆయన నవ్విండు. "రూముల మీవోళ్లు నాకు అన్నం పెట్టినప్పుడు నేను గూడ గిట్లనే అడిగిన. మస్తు తిట్టిన్రు."

సిగ్గుతోని లైను మారిన. కౌంటర్‌ల ఆఫీసర్ నా పాస్‌పోర్టు చూసి పొమ్మన్నడు. అయినా నా చెయ్యి ఊకోలే. ఒక్క ఫొటోనన్న ఉంచుకోమని ఆఫీసర్ ముంగట పెట్టిన.